1/144 టైప్ 7సీ కిట్: యూ-570 కట్టేవాళ్లకి పనికొస్తుందా?

తిరుపతిలో ముందుగా డబ్బు కడితే తెప్పించి ఇస్తున్న జర్మన్ జలాంతర్గామి ప్లాస్టిక్ నమూనా కిట్ ఇది, అసలు దానిలో 144వ వంతు సైజు. హల్, అంటే పడవ ఒళ్లు, చాలా బాగుంది. అసలు పడవ 67.1 మీటర్లు, ఈ స్కేలుకి 46.6 సెంటీమీటర్లు రావాలి, వచ్చింది. చిక్కంతా టవర్‌తోనే, అంటే డెక్ మధ్యలో పైకి లేచి ఉండే భాగంతో.

యూ-570 ఈ టైప్ 7సీ రకం జలాంతర్గామే. అది హాంబర్గ్‌లోని బ్లోమ్ ఉండ్ ఫాస్ యార్డులో తయారై, 1941 మే 15న నౌకాదళంలో చేరింది. మొదటి గస్తీలోనే, ఆగస్టు 27న, ఐస్‌లాండ్‌కి దక్షిణాన నీటిపైకి తేలింది. అప్పుడే బ్రిటిష్ హడ్సన్ విమానం వచ్చి నాలుగు డెప్త్ చార్జీలు (నీటి లోతున పేలే బాంబులు) వేసింది. బ్యాటరీలు పగిలాయి. యాసిడ్‌లో ఉప్పునీరు కలిస్తే క్లోరిన్ పుడుతుంది; ఆ భయంతో మళ్లీ మునగకుండా లొంగిపోయారు. బ్రిటిష్ వాళ్లు దాన్నే బాగుచేసి, హెచ్.ఎం.ఎస్. గ్రాఫ్ అని పేరు పెట్టి గస్తీలకి పంపారు. పట్టుకున్న శత్రువు పడవని అలా యుద్ధానికి దింపడం మామూలు పని కాదు. చివరికి 1944 మార్చి 20న, లాక్కెళ్తుంటే విడిపోయి, స్కాట్లండ్‌లోని ఐలా దీవి రాళ్లకి కొట్టుకుంది.

కాబట్టి మనకి కావలసింది 1941 రూపం: టవర్ వెనక చిన్న వేదిక, ఒక్క 20 మి.మీ. తుపాకీ, ముందు డెక్ మీద 88 మి.మీ. ఫిరంగి. పెట్టెలో ఉన్నదేమో ఆ తర్వాతి కాలపు రెండంతస్తుల వేదిక, జంట తుపాకులు, స్నార్కెల్ (నీటి కింద ఉండగానే ఇంజిన్లకి గాలి అందించే గొట్టం). ఫిరంగి అసలే లేదు. కింది వేదిక కోసేయాలి, స్నార్కెల్ గాడి ఎం-సీల్‌తో పూడ్చాలి. ఫిరంగి గొట్టానికి మెడికల్ షాపులో 20 గేజ్ సిరంజి సూది తెచ్చుకోండి: ఒకటిన్నర అంగుళం పొడవుది, మొన అరగదీసి 27 మి.మీ.కి కోయండి. లోపలి రంధ్రం కూడా స్కేలుకి దాదాపు సరిపోతుంది.

హల్ రెండు సగాలూ పొడవైనవి. పార్సిల్ ఎండలో ఉండిపోతే వంపు తిరుగుతాయి. చెయ్యి ఓర్చుకోలేనంత వేడి నీళ్లలో ముంచి, బల్ల మీద సరిచేసి, చన్నీళ్లు పొయ్యండి. మరిగే నీళ్లయితే పాడైపోతాయి. అతికేముందు లోపల ఐస్‌క్రీమ్ పుల్లల ముక్కలు అడ్డంగా అంటిస్తే అతుకు విడదు.

ఆటో పెయింట్ కొట్లలో దొరికే గ్రే ప్రైమర్ పనికొస్తుంది కానీ పలచగా రెండు మూడు పూతలు వెయ్యండి. ఒకేసారి దట్టంగా కొడితే ప్లాస్టిక్ కరిగి పగుళ్లిస్తుంది. ఎన్‌సీ థిన్నర్‌తో (లక్కర్ రంగులు పలచన చేసే ద్రవం) తుడవనే వద్దు. మన మే నెల మధ్యాహ్నాల్లో స్ప్రే గాల్లోనే ఆరి ఇసుకలా పడుతుంది, తెల్లవారుజామున కొట్టండి. నవంబరు వానల్లో రంగు మీద తెల్లటి పొగ పట్టేస్తుంది, తెరిపి ఇచ్చేదాకా ఆగండి. రంగులు: పైన లేత బూడిద, నీటి గీత కింద ముదురు బూడిద.

టవర్ కోయడానికి చెయ్యి తిరిగినవాళ్లకి కొనదగ్గ కిట్టే. మొదటి కిట్ అయితే టవర్ ముట్టుకోకుండా 1944 నాటి పడవగా కట్టండి.