ఎపాక్సీ పొడా, పాలిస్టర్ పొడా?

పౌడర్ కోటింగ్‌లో, అంటే లోహానికి పొడితో పూత వేసే పనిలో, వాడే ఈ రెండు రకాల ప్లాస్టిక్ పొడుల పెట్టెలు పక్కపక్కన పెడితే ఏది ఎపాక్సీయో, ఏది పాలిస్టరో కంటితో చెప్పడం కష్టం. రెండింటినీ విద్యుదావేశంతోనే లోహంపై చల్లుతారు. రెండూ సాధారణంగా 180–200 డిగ్రీల ఓవెన్‌లో కరిగి, కొద్ది నిమిషాల్లో గట్టిపడతాయి. తేడా బయటపడేది ఎండలో.

ఎపాక్సీ లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది. తేమను, క్షారాలను, నూనెలను బాగా తట్టుకుంటుంది. భూమిలో పాతే ఉక్కు పైపులకు, కాంక్రీటులో వేసే కడ్డీలకు దీన్ని పూసేది అందుకే. కానీ అతినీలలోహిత కిరణాలంటే దీనికి అసలు పడదు. ఆరుబయట గేటుకు పూస్తే కొన్ని నెలల్లోనే మెరుపు తగ్గి, చేత్తో రుద్దితే సుద్దముక్క పట్టుకున్నట్టు తెల్లటి పొడి అంటుతుంది. పూత ఇంకా లోహాన్ని కాపాడుతూనే ఉండవచ్చు, ఇంటి యజమానికి మాత్రం ఆ మాట రుచించదు.

పాలిస్టర్ ఎండకు నిలుస్తుంది. కిటికీ ఫ్రేములు, గేట్లు, తోట కుర్చీలు దాని రాజ్యం. రసాయనాల దగ్గర ఎపాక్సీ అంత మొండిది కాదు.

రెండూ కలిసిన హైబ్రిడ్ పొడి కూడా ఉంది. బీరువాలకు, ఇంటి లోపలి సామానుకు అది చాలు.

సముద్రపు గాలి తగిలే ఉక్కుకైతే నేను ఒకదాన్నే ఎంచుకోను: కింద జింక్ కలిసిన ఎపాక్సీ ప్రైమర్, పైన పాలిస్టర్. రెండు పూతల ఖర్చు అవుతుంది నిజమే. అయితే జిడ్డు, తుప్పు వదిలించి, పూత బాగా అంటుకునేలా ఫాస్ఫేట్ రసాయనంతో శుద్ధి చేయని రేకు మీద ఆ డబ్బంతా పెచ్చులుగా ఊడుతుంది.