కడపలో ల్యాబ్రడార్ కుక్కపిల్లను కొంటున్నారా? ముందు దాన్ని పొడిగుడ్డ మీద నిద్రపుచ్చి చూడండి

కడపలో గానీ ప్రొద్దుటూరులో గానీ కుక్కపిల్లను కొనాలనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మాకు పిల్లను అమ్మినతని వాట్సాప్ స్టేటస్‌లో మొన్న ఆదివారం మళ్లీ కొత్త పిల్లల ఫోటోలు పడ్డాయి. అదే తల్లి. అది చూసినాక ఊరుకోలేకపోయాను. అతని పేరు రాయడం లేదు. ఇట్ల అమ్మేవాళ్లు అతనొక్కడే కాదు.

పోయిన నవంబరులో మా పాప 9వ పుట్టినరోజుకని 14 వేలు పెట్టి నల్ల ల్యాబ్రడార్ ఆడపిల్లను కొన్నాం. ఫోన్ చేస్తే "పొద్దున్నే రాండక్కా, ఏడున్నరకంతా రెడీగా పెడతా" అన్నాడు. మేం పోయేసరికి పిల్లకు నడుము కిందంతా తడిగా ఉంది. "మీరొస్తారని ఇప్పుడే స్నానం చేయించినా" అన్నాడు. ఎంత శ్రద్ధో అని మురిసిపోయాం. నవంబరు చలిలో, తెల్లారీ తెల్లారకముందే, 40 రోజుల పసిదానికి ఎవరైనా నీళ్లు పోస్తారా? తల, వీపు పొడిగా ఉండి వెనకభాగం ఒక్కటే ఎందుకు తడిసింది? ఆ మాట అక్కడ అడిగి ఉంటే ఇంత జరిగేది కాదు.

ఎదమీద తెల్లచుక్క ఉందని పాప దానికి చుక్కి అని పేరు పెట్టింది. మొదటిరోజు నుంచే అది పడుకున్నచోటల్లా తడి. చిన్నపిల్ల కదా, నేర్చుకుంటుందిలే అనుకున్నాం. అమ్మినతన్ని అడిగితే "ట్రైనింగ్ ఇయ్యండక్కా" అన్నాడు. ఇచ్చాం. పేపర్లు పరిచాం, గంటకోసారి పెరట్లోకి తీసుకుపోయాం. అక్కడ బుద్ధిగా పోసేది కూడా. లోపలికొచ్చి పడుకుంటే మళ్లీ తడి. ఇక ఇది తెలిసే చేస్తోందని మాకందరికీ కోపం వచ్చింది. మా అత్త రోజుకు నాలుగుసార్లు బండలు తుడవలేక బయట కట్టేయమంది. నేను దాని మూతిని ఆ తడి దగ్గరికి వంచి గద్దించాను, రెండుసార్లు చెయ్యి కూడా చేసుకున్నాను. అది తోక కాళ్ల మధ్య దోపుకుని నా వైపే చూసేది. ఆ చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

ఒక రాత్రి పాప నన్ను లేపింది. నా పాత నూలుచీర నాలుగు మడతలేసి చుక్కికి పరిచి ఉన్నాం. చీర మీద పళ్లెమంత గుండ్రటి తడి, దాని మధ్యలో చుక్కి గుర్రుపెట్టి నిద్రపోతోంది. "అమ్మా, ఇది కావాలని పోయడం లేదు, చూడు, నిద్రపోతాంది" అంది పాప. మూడు నెలల పిల్లకు అప్పటికే తొడల లోపల చర్మం ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. ఈగలు ముసురుతున్నాయి.

మొదట చూపించినచోట మూత్రంలో ఇన్ఫెక్షన్ అని మందులిచ్చారు. నాలుగు రోజులు తగ్గి మళ్లీ మొదలైంది. రెండో డాక్టరు పిల్లను ముట్టుకోకముందే ఒక ప్రశ్న వేశారు: "నిద్రలో కూడా కారుతుందా అమ్మా?" అవునన్నాను. చీటీ వెనక బొమ్మ గీసి చూపించారు. రెండు కిడ్నీల నుంచి రెండు సన్నటి గొట్టాలు మూత్రాన్ని తెచ్చి మూత్రాశయంలో వదలాలి. వీటినే యురేటర్లు అంటారు. కడుపులో ఉన్నప్పుడు అవయవాలు ఏర్పడేటప్పుడే తేడా వస్తే, ఒక గొట్టం మూత్రాశయాన్ని దాటిపోయి కింద, బయటికిపోయే దారిలోనో యోనిలోనో తెరుచుకుంటుంది. మిద్దె మీద ట్యాంకులో పడాల్సిన పైపును ట్యాంకు కాదని కిందనున్న కొళాయికి కలిపినట్టు. దీని పేరు ఎక్టోపిక్ యురేటర్. రెండో గొట్టం సరిగ్గా ఉంటే మూత్రాశయం నిండుతుంది, పిల్ల మామూలుగానే పోస్తుంది, మిగతా పొద్దంతా చుక్కచుక్కగా కారుతూనే ఉంటుంది. మేం మోసపోయింది ఇక్కడే. ల్యాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, సైబీరియన్ హస్కీ జాతుల్లో ఇది ఎక్కువ. బయటపడేది ఎక్కువగా ఆడపిల్లల్లోనే. మగవాటికి ఆ దారి పొడుగు, బిగింపు ఎక్కువ కాబట్టి చాలాసార్లు తెలియదు.

తిరుపతి తీసుకుపోయాం. నరంలోకి రంగుమందు ఎక్కించి వరసగా ఎక్స్‌రేలు తీస్తే ఎడమ గొట్టం దారి తప్పినట్టు కనబడింది. ఆపరేషన్ చేసి దాన్ని మూత్రాశయంలోకి కలిపారు. పోనురాను, మందులు, ఆపరేషన్ అన్నీ కలిపి 38 వేలు దాటింది. పగలు కారడం ఆగింది. రాత్రుళ్లు అప్పుడప్పుడు ఇంకా తడుస్తోంది. కొన్నింటికి మూత్రాశయం మూతి దగ్గర బిగింపు కూడా పుట్టుకతోనే తక్కువ ఉంటుందని, ఆపరేషన్ తర్వాత కూడా పూర్తిగా తగ్గకపోవచ్చని డాక్టరు ముందే చెప్పారు.

ఈ సంగతి చెబుదామని అమ్మినతనికి ఫోన్ చేశాను. డబ్బులు అడగలేదు. తల్లికి మళ్లీ ఈత ఈనించొద్దని చెబుదామనుకున్నాను. అతనన్న మాట వినండి: "ఎదకొచ్చినప్పుడు ఒకసారి చూలు కట్టించండక్కా, అదే తగ్గిపోతుంది." దారి తప్పిన గొట్టం చూలు కడితే వెనక్కి రాదు. పైగా ఇలాంటి లోపం కొన్ని జాతుల్లో వంశాన్ని పట్టి వస్తుంది, పిల్లలకూ అంటగట్టినట్టే అవుతుంది. ఎవరైనా మీకు ఈ సలహా ఇస్తే దయచేసి వినొద్దు.

ప్రొద్దుటూరులో ఉన్న మా ఆయన మేనత్త కొడుకు అదే ఈతలో మగపిల్లను కొన్నాడు. దానికి ఒక బీజమే (వృషణమే) కిందికి దిగింది. మామూలుగా రెండు నెలలకల్లా రెండూ చేతికి తగలాలి. ఆరు నెలలు దాటినా దిగకపోతే ఇక దిగదు. లోపల ఉండిపోయినదానికి ఒంటి వేడి తగిలి తర్వాత కణితి (ట్యూమర్) లేచే ప్రమాదం చాలా రెట్లు ఎక్కువ, అందుకే రెండూ తీయించమంటారు. దీనికీ అమ్మినతని సలహా సిద్ధంగా ఉంది: ఇంజెక్షన్ వేస్తే దిగుతుందట, దిగిన ఒక్కటి చాలు, క్రాసింగ్‌కు పంపి డబ్బు చేసుకోవచ్చట. ఒక్కటున్నా పిల్లలు పుడతారు, నిజమే. ఆ పిల్లలకూ అదే లోపం పోతుంది.

కుక్కల పెంపకం, అమ్మకం మీద 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనలున్నాయి. అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లికి 18 నెలలు నిండాలి, ఏడాదికి ఒకే ఈత, జీవితంలో ఐదే. మాకిచ్చింది 40 రోజుల పిల్ల. నవంబరులో చూసిన తల్లి ఏడాది తిరక్కుండానే మళ్లీ ఈనింది. నమోదు పత్రం చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు.

పోయేటప్పుడు చెప్పి పోకండి, సాయంత్రం పొండి. ఇంటి నుంచి తెల్లటి పొడిగుడ్డ తీసుకుపోయి, పిల్ల పాలు తాగి పడుకున్నాక దాని కింద పరచండి. అరగంట కూర్చోండి. లేపి గుడ్డ చూడండి, తోకెత్తి చూడండి, వాసన చూడండి. నోరు తెరిచి అంగిలి చీలి ఉందేమో చూడండి, చీలి ఉంటే తాగిన పాలు ముక్కులోంచి వస్తాయి. బొడ్డు దగ్గర మెత్తటి ఉబ్బు ఉందేమో తడమండి. మగపిల్లయితే రెండు బీజాలూ చేత్తో తడిమి చూడండి. "చిన్నపిల్ల కదక్కా, పెద్దయితే సరిపోతుంది" అంటే డబ్బు తీయకండి, ముందు డాక్టరు దగ్గరికి తీసుకుపోదాం రమ్మనండి. రానంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

చుక్కితో కలిపి ఆ ఈతలో పుట్టినవి మొత్తం ఏడు. రెండు మా కుటుంబంలో ఉన్నాయి, మిగతా ఐదు ఎవరి ఇళ్లలో ఉన్నాయో నాకు తెలియదు. అక్టోబరు మొదటివారంలో పుట్టిన నల్ల ల్యాబ్, ఎదమీద తెల్లచుక్క. కడప చుట్టుపక్కల అట్లాంటి పిల్ల మీ ఇంట్లో ఉండి, ఎన్ని చెప్పినా లోపలే పోస్తోందని మీరు దాన్ని బయట కట్టేసి ఉంటే, ఈ రాత్రి అది నిద్రపోయాక కింద చెయ్యి పెట్టి చూడండి.