ముందు అరకు, తర్వాతే సముద్రం: విశాఖలో బ్యాగు, బస్సు, కొత్త స్నేహాలు

విశాఖలో స్కూబా, అంటే వీపున గాలి సిలిండర్‌తో సముద్రం అడుగుకి దిగడం, చేయాలని వెళ్లేవాళ్లకి ముందే ఒక మాట: అరకు ముందు పెట్టుకోండి, సముద్రం తర్వాత. మా డార్మిటరీలో సగం మంది ప్లాను దీనికి తలకిందులుగా ఉంది. పొద్దున రుషికొండ బీచ్‌లో డైవింగు, మధ్యాహ్నం భోంచేసి అరకు బస్సు. డైవింగులో ఒంట్లో చేరిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవాలి. అది పోకముందే ఎత్తుకి వెళ్తే, గాలి ఒత్తిడి తగ్గి ఒంట్లోనే బుడగలు కట్టొచ్చు. అందుకే ఒక్క డైవ్ చేసినా విమానం ఎక్కేముందు కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే 18 గంటలు ఆగమంటారు. 600 మీటర్లు దాటిన కొండలకీ అదే లెక్క. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు. మొదటిసారి దిగేవాళ్లు లోతుకి వెళ్లరు కాబట్టి భయపడాల్సిన పని లేదు గానీ, ప్లాను మార్చుకుంటే పోయేదేముంది?

ఈ సంగతి చెప్పింది కరీంనగర్ నుంచి వచ్చిన ఒక నర్సు. పై మంచం మీద కూర్చుని కాళ్లూపుతూ చెప్పింది. "అట్లెట్ల పోతరు? ముందు కొండ చూసొద్దాం పాండ్రి" అనగానే కాకినాడ కుర్రాడు, శ్రీకాకుళం అన్నదమ్ములు, నేను అందరం సరేనన్నాం. అక్కడితో మా జట్టు కుదిరిపోయింది. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జిలో దిగితే తెల్లవారుజాము బస్సులకి సుఖమే, కానీ అక్కడ పక్క గదిలో ఎవరున్నారో కూడా తెలియదు. ఒంటరిగా వెళ్లేవాళ్లకి బీచ్ వైపు డార్మిటరీయే నయం. లాకర్ ఉంటుంది, తాళం మాత్రం మనదే. ఉప్పుగాలికి తువ్వాలు ఆరదు, రెండు పెట్టుకోండి.

అరకుకి మేం టూర్ బస్సులో వెళ్లాం. పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలుంది. అద్దాల విస్టాడోమ్ పెట్టెలో టికెట్ దొరికితే వదలకండి, సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టంతా పిల్లల కేకలే. మాకు దొరకలేదు. టూర్ బస్సులో ఉన్న మంచీ చెడూ ఒకటే, నువ్వు ఏమీ ఆలోచించక్కర్లేదు. మాది ప్రైవేటు ఆపరేటర్, పేరు అనవసరం. ఎక్కేటప్పుడు గాలికొండ వ్యూ పాయింట్ అన్నారు, వచ్చేటప్పుడు "మంచుంది సార్, ఏటీ కనిపించదు" అని ఆపకుండా పోనిచ్చారు. తేనె, కాఫీ పొడి అమ్మే దుకాణం దగ్గర మాత్రం తీరిగ్గా ఆపారు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, కొనాలనిపిస్తే కొనండి, కానీ బస్సు ఆపిన చోటే కొనాలని లేదు. ఇంకోటి, వెనక సీట్లలో కూర్చోకండి. అనంతగిరి మలుపుల్లో శ్రీకాకుళం తమ్ముడు నిమ్మకాయ వాసన చూస్తూనే గడిపాడు.

బొర్రా గుహలకి బస్సు వాళ్లిచ్చిన గంట చాలదు. లోపల మెట్లు తడిగా ఉంటాయి, రంగు దీపాలు ఎక్కువైపోయాయి, నాకైతే మామూలు తెల్ల దీపాలుంటేనే రాయి బాగా కనిపించేది. కానీ పైకప్పు నుంచి చుక్క రాలి కింద రాయి మీద పడే చోట ఒక్క నిమిషం నిలబడండి. ఆ నీటిలో కరిగిన సున్నమే పొరలు పొరలుగా పేరుకుని కింద రాయిని పెంచుతుంది. ఈ గుహల్ని తొలిచిన గోస్తనీ నదే కిందికి పారి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది.

అసలు సాహసం బస్సు టికెట్‌లో లేదు. బొర్రా దగ్గర జీపులుంటాయి, కటికి జలపాతానికి. టూర్ బస్సులు అటు వెళ్లవు. గైడుని బతిమాలుకున్నాం. ఆయన కాసేపు నసిగి, "బాబూ, మూడింటికల్లా రాకపోతే నేను ఆగను, మీ ఇష్టం" అన్నాడు. జీపు డ్రైవరు మమ్మల్ని చూసి "గట్టిగా పట్టుకోండర్రా" అన్నాడు, రాళ్ల దారి మీద తల పైకప్పుకి తగలకుండా ఉండటమే పనైపోయింది. చివర కొంత దూరం నడక. నీళ్ల కింద నిలబడ్డాక కాకినాడ కుర్రాడు బయటికి రానంటే రానన్నాడు. దారిలో బొంగులో చికెన్ తిన్నాం. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు దోపి నిప్పుల మీద కాలుస్తారు. నూనె ఉండదు. బొంగు చీల్చి విస్తరాకులో దులిపితే ఆవిరితో పాటు పచ్చి వెదురు వాసన. ముందే కాల్చిపెట్టినవి తీసుకోకండి, మీ ముందు నిప్పుల మీద పెట్టించుకుని కూర్చోండి.

జీపు ఖర్చు ఐదుగురం పంచుకోబట్టి గిట్టుబాటైంది. ఒక్కడివే వెళ్తే చేతి చమురు వదిలినట్టే. విశాఖలో కొత్త స్నేహాల వల్ల మొదటి లాభం ఇదే. జీపైనా, ఆటోయైనా, పడవైనా మనిషికింతని కాదు, బండికింతని అడుగుతారు.

ఊళ్లో తిరగడానికి 2025లో మొదలైన రెండంతస్తుల ఎలక్ట్రిక్ బస్సు మాకు తెగ నచ్చింది. ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ వరకు తీరం వెంబడే తిరుగుతుంది, నచ్చిన చోట దిగి తర్వాతి బస్సు ఎక్కొచ్చు. టికెట్ 500, అందులో సగం ప్రభుత్వమే భరిస్తుంది కాబట్టి 250కి 24 గంటలు తిరగొచ్చని మొదట్లో పెట్టారు. ఇప్పుడెంతో ఎక్కేముందు అడగండి. ఎండలో పై అంతస్తు వద్దు, సాయంత్రం ఎక్కండి. కైలాసగిరిలో రోప్‌వే సరదాగా ఉంటుంది, అంతే. తొట్లకొండ బౌద్ధారామం దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాం. అక్కడి నుంచి సముద్రం కనిపించే తీరు చూస్తే, భిక్షువులు ఆ కొండని ఎందుకు ఎంచుకున్నారో చెప్పనక్కర్లేదు.

రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపది. స్నానాల గదులు, లైఫ్‌గార్డులు ఉన్నారు. ఆర్కే బీచ్‌లో మాత్రం మోకాళ్లు దాటి దిగొద్దు, లోపలి ప్రవాహం లాగేస్తుంది. కయాక్ చవక, దాంతో మొదలుపెట్టండి. జెట్ స్కీ ఎక్కి దిగేలోపే అయిపోతుంది, నేను డబ్బు దండగ అంటాను.

స్కూబాకి ముందు గట్టు మీద నేర్పిన పావుగంటే ముఖ్యం. నీళ్లలో బొటనవేలు పైకెత్తితే 'బాగుంది' అని కాదు, 'పైకి తీసుకుపో' అని. బాగుంటే చూపుడువేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టాలి. కాకినాడ కుర్రాడు అలవాటు కొద్దీ బొటనవేలు ఎత్తుతూనే ఉన్నాడు, పాపం అతన్ని ఊరికే పైకి తెస్తూనే ఉన్నారు. చెవులు నొప్పి పెట్టగానే ముక్కు మూసి మెల్లగా ఊదాలి, నొప్పి భరించి కిందికి పోకూడదు. విశాఖ నీళ్లలో అండమాన్ స్పష్టత ఆశించకండి, వానాకాలంలో మరీ మసక. మాకు చారల చేపలు కొన్ని కనిపించాయి, చాలు. వీడియోకి విడిగా అడుగుతారు, దిగకముందే తేల్చుకోండి. ఆరోగ్య ఫారం చదవకుండా సంతకం పెట్టమనే చోట అసలు దిగకండి. ఆస్తమా, జలుబు, చెవి బాధ ఉంటే చెప్పాలి. శ్రీకాకుళం అన్నకి జలుబుందని శిక్షకుడు దించలేదు. అతను ముఖం మాడ్చుకున్నాడు గానీ, మా అందరికీ ఆ శిక్షకుడి మీద నమ్మకం అప్పుడే కుదిరింది.

డైవ్ అయ్యాక రాత్రి రైలు దాకా ఖాళీ ఉంటే ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చూడండి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించింది, మరుసటి ఏడు మ్యూజియమైంది. సోమవారం సెలవు. లోపల ఒకరి వెనక ఒకరు నడవాలి, వీపున బ్యాగుంటే గుండ్రటి తలుపుల్లో ఇరుక్కుంటారు. జలుబు అన్నని బయట బ్యాగుల కాపలాకి పెట్టి మేం లోపలికి వెళ్లాం. తిరిగొచ్చేసరికి మా అందరి వాటా మురీ మిక్చరూ (మరమరాల మిక్చర్) తినేసి, "స్కూబాకి ఇదే సరి" అన్నాడు.