ఆరు క్రూయిజుల తర్వాత: గది, భోజనం, వైన్ గురించి నా అనుభవం

మేము డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. 2016 నుంచి ఇప్పటిదాకా ఆరు క్రూయిజులు, అంటే ఓడ మీద విహారయాత్రలు, చేశాం. మధ్యలో కోవిడ్ వల్ల రెండేళ్లకు పైగా ఖాళీ. ఐదు మా టెక్సాస్‌లోనే ఉన్న గాల్వెస్టన్ నుంచి మెక్సికో, హోండురాస్ వైపు వెళ్లినవి, ఒకటి సియాటిల్ నుంచి అలాస్కా. గాల్వెస్టన్ రేవు మాకు కారులో ఐదు గంటల దారి. విమానం టికెట్లు అక్కర్లేదు, పెద్దవాళ్లని ఎక్కువ నడిపించకుండా సముద్రం చూపించొచ్చు. అందుకే ఇక్కడి తెలుగువాళ్లలో చాలామంది పిల్లల సెలవులకి ఇదే పట్టుకుంటారు. బుక్ చేసే ముందు నాకు ఫోన్ చేసేవాళ్లు అడిగేవి ఎప్పుడూ మూడే: బాల్కనీ తీసుకోవాలా, మనకి తిండి దొరుకుతుందా, డ్రింక్స్ ప్యాకేజీ (రోజుకింత అని ముందే కట్టేసి తాగేది) కొనాలా?

గది సంగతి ముందు చెప్తాను, ఎక్కువ డబ్బు పోయేదీ, ఎక్కువమంది పొరపాటు పడేదీ అక్కడే. మొదటిసారి మామయ్యగారికీ అత్తయ్యగారికీ ఇన్‌సైడ్ గది తీసుకున్నాం, పడుకోవడానికే కదా అని. ఆ గదికి కిటికీ ఉండదు. లైటు ఆర్పితే కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. మామయ్యగారు తెనాలిలో తెల్లవారుజామున నాలుగింటికే లేచే మనిషి. రెండో రాత్రి మా గదికి ఫోన్ చేశారు. "అమ్మాయ్, తెల్లారిందా? బయట వరండాలో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, ఏమీ తెలియట్లేదు." టైమ్ రెండున్నర. ఆయన గొంతులో కంగారు విని నాకు మళ్లీ నిద్ర పట్టలేదు. మర్నాడు గది శుభ్రం చేసే అతను ఒక ఉపాయం చెప్పాడు. టీవీలో ఓడ ముందు భాగం చూపించే కెమెరా చానెల్ ఉంటుంది. సౌండ్ తీసేసి రాత్రంతా దాన్నే పెట్టి ఉంచాం. బయట వెలుగు వస్తుంటే తెర మీద కూడా వెలుగొచ్చేది. ఆ తర్వాత ఆయన హాయిగా పడుకున్నారు. కుర్రవాళ్లకి ఇన్‌సైడ్ గది మంచి బేరమే, చీకట్లో నిద్ర బాగా పడుతుంది. పెద్దవాళ్లకి మాత్రం కనీసం కిటికీ ఉన్న గది తీసుకోండి.

రెండోసారి మేము బాల్కనీ గదికి డబ్బు కట్టి కూడా సుఖపడలేదు. కాస్త తగ్గుతుందని "గ్యారంటీ" పద్ధతిలో కొన్నాం. అంటే ఏ రకం గదో ఖాయం, ఏ నంబరో మాత్రం కంపెనీయే ఇస్తుంది. సరిగ్గా స్విమ్మింగ్ పూల్ ఉన్న డెక్ (ఓడలో అంతస్తు) కింద గది ఇచ్చారు. రోజూ ఆరు కాకముందే నెత్తి మీద కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు. వారం రోజులూ అంతే. మారుస్తారా అని అడిగితే ఓడ నిండిపోయింది అన్నారు.

అప్పటినుంచి నేను చూసేది గది రకం కాదు, గది ఎక్కడుందనేది. ఏ డెక్ మీద ఏముందో చూపించే డెక్ ప్లాన్ ముందు పెట్టుకుని, గది మీద ఏముంది, కింద ఏముంది అని చూస్తాను. పైనా, కిందా గదులే ఉండాలి. పూల్ కింద వద్దు, థియేటర్ మీద వద్దు, రాత్రి పాటలు పెట్టే హాలు మీద అసలు వద్దు. ఓడ మధ్యలో, కింది డెక్కుల్లో ఊపు తక్కువ. వాంతులయ్యే వాళ్లుంటే పెద్ద ఖరీదైన సూట్ కంటే ఆ గదే నయం. పక్క గదిలోకి తలుపున్న గదులు కుటుంబాలకి మంచివే కానీ, అవతల తెలియనివాళ్లుంటే వాళ్ల మాటలన్నీ మనకి వినిపిస్తాయి. కిటికీ గది మరీ చవగ్గా కనిపిస్తే ఎదురుగా లైఫ్ బోటు అడ్డముందేమో చూడండి.

గాల్వెస్టన్ నుంచి వెళ్లేటప్పుడు బాల్కనీ లేకపోయినా ఫర్వాలేదు. మెక్సికోలోని కోజుమెల్, కోస్టా మాయా లాంటి చోట్ల పగలంతా ఒడ్డునే ఉంటాం. అలాస్కాకి మాత్రం అప్పు చేసైనా తీసుకోమంటాను. అక్కడి గ్లేసియర్ బేలో మార్జరీ హిమానీనదం ఎదుట ఓడని మెల్లగా తిప్పుతారు, కాబట్టి గది కుడివైపా, ఎడమవైపా అన్న టెన్షన్ అక్కర్లేదు. పై డెక్ మీద చలిగాలికి అందరూ మూగి ఉంటే, మేము దుప్పటి కప్పుకుని టీ తాగుతూ చూశాం. మంచు పెళ్లలు విరిగి నీళ్లలో పడినప్పుడు ముందు పడటం కనిపిస్తుంది, ఆ ఉరుము తర్వాత వినిపిస్తుంది. ఒక్క మాట: సియాటిల్ నుంచి వెళ్లే ఓడలు మామూలుగా వాంకూవర్ దీవికి బయట, పసిఫిక్ మీదుగా వెళ్తాయి. మొదటి రాత్రి ఊగుతుంది. మాత్ర వేసుకుని పడుకోండి.

ఇక భోజనం. మా అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. మొదటి రెండు రోజులు బ్రెడ్డు, అరటిపండ్లతో సరిపెట్టుకున్నారు. బుక్ చేసేటప్పుడు నేను ఏమీ రాయలేదు. రెండో రాత్రి పెద్ద డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్‌ని పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ముందురోజు చెప్పండి మేడమ్, చేయిస్తాం" అన్నాడు. మర్నాడు రాత్రి తెల్ల పింగాణీ గిన్నెలో పప్పు వచ్చింది. పైన జీలకర్ర, ఎండుమిర్చి తాలింపు, నెయ్యి ఇంకా సలసలమంటోంది. వంటగదిలో మనవాళ్లున్నారని ఆ ఎండుమిర్చి చూడగానే తెలిసింది. అత్తయ్యగారు స్పూన్ పక్కన పెట్టి, చేత్తో కలుపుకుని, తలెత్తకుండా తిన్నారు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇప్పుడు బుకింగ్‌లోనే ఇండియన్ వెజిటేరియన్ అని రాయిస్తాను, మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌ని కలుస్తాను. భోజనం టైమ్ కూడా ఫిక్స్‌డ్ తీసుకుంటాను. ఎప్పుడైనా రావచ్చు అనే పద్ధతిలో రోజుకో టేబుల్, రోజుకో వెయిటర్, రోజూ మొదటినుంచి చెప్పుకోవాలి. ఒకే టేబుల్ అయితే మూడో రోజుకి అడగకుండానే పెరుగు, పచ్చిమిర్చి పెట్టి ఉంటాయి. కూరగాయల సూప్ అన్నా అందులో చికెన్ నీళ్లు పోశారేమో అడగాలి, కొన్ని స్వీట్లలో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. షాపులో కొన్న, సీలు తియ్యని పచ్చడి ప్యాకెట్లని మాకు ఎప్పుడూ ఎవరూ ఆపలేదు. రైస్ కుక్కర్, కెటిల్ మాత్రం నిప్పు భయంతో తీసేసుకుంటారు. డబ్బు కట్టి తినే ప్రత్యేక రెస్టారెంట్లలో మాకు నచ్చింది ఇటాలియన్ ఒక్కటే. మాంసం ముక్కలే ముఖ్యమైన స్టేక్ హౌస్‌లో శాకాహారికి కట్టిన డబ్బుకి తగ్గది ఏమీ దొరకదు.

నేనూ మావారూ రాత్రి భోజనంతో ఒకటి, రెండు గ్లాసుల వైన్ తాగుతాం. ఆ మాత్రానికి డ్రింక్స్ ప్యాకేజీ దండగ. ఒకరు కొంటే అదే గదిలోని మందు తాగే వయసున్నవాళ్లందరూ కొనాలనే నియమం చాలా కంపెనీల్లో ఉంది. అన్నింటిమీదా 18 శాతమో, అంతకు మించో సర్వీస్ చార్జి పడుతుంది. రోజుకి ఆరేడు గ్లాసులు తాగేవాళ్లకైతే గిట్టుతుందేమో. మేము వెళ్లిన ఓడల్లో ఎక్కే రోజున మందు తాగే వయసున్నవాళ్లకి తలా ఒక 750 మిల్లీలీటర్ల వైన్ సీసా వెంట తెచ్చుకోనిచ్చారు. చేతి సంచిలోనే పెట్టుకోవాలి. డైనింగ్ హాల్లో తెరిస్తే మూత తీసిన చార్జి మేము కట్టింది 15 డాలర్లు. సగం మిగిలితే సీసా మెడకి గది నంబరు చీటీ కట్టి దాచి, మర్నాడు అదే సీసా తెచ్చి పోస్తారు.

ఏ వైన్ అన్నది కూడా చెప్పాలి. మొదట్లో అందరూ బాగుంటుందన్నారని కాబర్నే అనే రెడ్ వైన్ తీసుకెళ్లాం. ఆ వగరుకి మిరపకాయ మంట రెట్టింపయింది, కూర రుచీ పోయింది, వైన్ రుచీ పోయింది. అలాస్కా వెళ్లేటప్పుడు సియాటిల్‌లో వాషింగ్టన్ రాష్ట్రపు రీస్లింగ్ అనే వైట్ వైన్ కొన్నాం, కాస్త తీపి ఉన్న రకం. చల్లగా, పుల్లగా, లోపల తీపితో అది తాలింపు పప్పు పక్కన ఎంత బాగా కుదిరిందో! అప్పటినుంచి మా సంచిలో ఉండేది అదే. తిరిగొచ్చేటప్పుడు గాల్వెస్టన్‌లో దిగితే, కోజుమెల్‌లో కొన్న ఒక్క సీసాకైనా టెక్సాస్ పన్ను అక్కడే కట్టాలి. ఆ వరుస కూడా పొడుగ్గా ఉంటుంది.

వచ్చే వేసవిలో మా అమ్మానాన్నలు వస్తున్నారు. గాల్వెస్టన్ నుంచే, ఎనిమిదో డెక్, ఓడ మధ్యలో, పైనా కిందా గదులే ఉన్న కిటికీ గది నంబరు ఎంచుకుని బుక్ చేశాను. నాన్న కూడా నాలుగింటికే లేస్తారు.