ఏడేళ్లు, 71,000 కిలోమీటర్లు: మా పాత సిటీ వీటెక్‌లో మార్చిన ఇంజిన్

2018 సెప్టెంబరులో మా 2001 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్‌కి ఇంజిన్ మార్పించాను. అప్పటికి మీటరు 1,94,000 చూపిస్తోంది, ఇప్పుడు 2,65,000. ఈ మధ్యలో తిరిగిందంతా ఎక్కువగా కడప, రాయచోటి, మదనపల్లె మీదుగా బెంగళూరు దారే. మిగతాది తిరుపతి, ప్రొద్దుటూరు, ఊళ్లో పనులు. ఇంజిన్ ఎక్కించిన నెలలోనే రాసి ఉంటే సంతోషం తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఏడు ఎండాకాలాలు చూశాక రాస్తున్నాను కాబట్టి ఏది నిలబడిందో, ఏది మళ్లీ విప్పించిందో చెప్పగలను.

ఈ కారు నాన్న కొన్నది. ఏపీ 04 నంబరు. టన్ను చిల్లర బరువుకి 106 హెచ్‌పీ ఇంజిన్, నేలకి దగ్గరగా కూర్చునే సీటు, చేతికి తేలిగ్గా పడే గేర్లు. ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లు ఐదు వేల దరిదాపులకు వచ్చేసరికి వీటెక్ పనిచేసి, అంటే వాల్వులు ఎక్కువ తెరుచుకుని, ఇంజిన్ గొంతు మారిపోతుంది. అప్పటిదాకా ఇంటి కారులా ఉన్నది ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఆ మార్పు కోసమే ఈ కారుని ఇప్పటికీ దాచుకున్నవాళ్లు ఉన్నారు, నేనూ అందులో ఒకడిని. అందుకే ఇంజిన్ పోయినప్పుడు అమ్మేద్దామనే మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

పోయింది నీళ్ల పైపు వల్ల. 2018 ఏప్రిల్‌లో గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతున్నాం. ఏసీ నడుస్తోంది, ముందు లారీ, రెండో గేరు. హీటర్‌కి వెళ్లే చిన్న రబ్బరు పైపు ఎప్పుడో ఎండిపోయి బీటలిచ్చింది, అక్కడ చీలింది. టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి వెళ్లింది, నేను చూశాను. ఆగుదామనుకునేలోపే కిందికి దిగింది. చల్లబడిందనుకుని ఘాట్ పూర్తిగా ఎక్కించి, పాలకోవా అంగళ్ల దగ్గర ఆపాను. సెన్సర్ నీళ్లలో మునిగి ఉన్నప్పుడే సరైన వేడి చూపిస్తుంది. నీళ్లు దాని కిందికి దిగిపోతే ముల్లు పడిపోతుంది, లోపల మాత్రం కాలిపోతూనే ఉంటుంది. ఈ ఒక్క విషయం తెలిసి ఉంటే పాత ఇంజిన్ బతికేది. ముల్లు పైకి వెళ్లి కారణం లేకుండా దిగిందంటే వెంటనే ఇంజిన్ ఆపేయండి, ఘాట్ మధ్యలో అయినా సరే.

ఆయిల్ మూత తీస్తే లోపల పాల టీ రంగు జిగురు, అంటే ఆయిల్‌లో నీళ్లు కలిశాయి. హెడ్ (సిలిండర్లని మూసే పై భాగం) విప్పించి, స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజితో వంపు కొలిచాం. కంపెనీ లెక్క ప్రకారం వంపు 0.05 మిల్లీమీటర్ల దాకా ఉంటే అలాగే వాడుకోవచ్చు, 0.2 దాకా అయితే చెక్కించుకోవచ్చు. మాది 0.3 దాటింది. మూడో సిలిండర్ గోడ మీద గోటికి తగిలే గీతలు.

ఇక్కడ ఏ ఇంజిన్ అన్న ప్రశ్న వచ్చింది. మూడు నెలలు దీని మీదే గడిపాను.

ఉన్నదాన్నే బోరింగ్ చేయించడం, అంటే సిలిండర్లు కాస్త పెద్దగా చెక్కించి పెద్ద పిస్టన్లు వేయించడం, మొదటి ఆలోచన. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు మారదు, అది పెద్ద సౌకర్యం. కానీ హెడ్ వేరేది వెతకాలి, నమ్మకమైన ఓవర్‌సైజు పిస్టన్లు నాకు దొరకలేదు. దొరికినవి చేతిలో పట్టుకుంటేనే మనసొప్పలేదు. రెండోది 1.3 సిటీ ఇంజిన్. అప్పట్లో సగం ధరకే వస్తోంది, బిగించడానికీ పెద్ద ఇబ్బంది లేదు. కానీ అది పెడితే ఈ కారుని దాచుకోవడానికి ఉన్న కారణమే పోతుంది.

చాలామంది మెకానిక్‌లు చెప్పింది మూడోది. 2003 చివర్లో వచ్చిన కొత్త సిటీ ఇంజిన్ పెట్టమన్నారు. 1.5 లీటర్లే, కొత్తది, మైలేజీ బాగుంటుందన్నారు. వినడానికి బాగుంది, పనికి రాదు. మా పాత సిటీలో ఉన్న డీ సిరీస్ ఇంజిన్ బెల్ట్ వైపు నుంచి చూస్తే గడియారానికి ఎదురు తిరుగుతుంది. టైమింగ్ బెల్ట్ (పిస్టన్లు తిప్పే క్రాంక్‌ని, వాల్వులు తెరిచే క్యామ్‌కి కలిపే పట్టీ) కారుకి ఎడమవైపు, గేర్‌బాక్స్ కుడివైపు. కొత్త సిటీలోని ఎల్ సిరీస్ గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది, అమరిక అంతా తారుమారు. మౌంటింగులు, డ్రైవ్ షాఫ్టులు, వైరింగ్ ఏదీ కలవదు. కోసి, వెల్డింగ్ చేసి పెట్టేవాళ్లు ఉండొచ్చు. అలాంటి కారులో పిల్లల్ని ఎక్కించుకుని ఘాట్ దిగడానికి నాకు ధైర్యం చాలదు.

జపాన్ నుంచి వచ్చిన పెద్ద వీటెక్ ఇంజిన్లూ చూపించారు. ఆశ పడని రోజు లేదు. దానికి తగ్గ ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్), బ్రేకులు, ఆపైన ఆర్‌టీఓ కాగితాలు ఆలోచించాక ఆ ఆశ వదులుకున్నాను. అదే 1.5 వీటెక్ ఇంజిన్, ఆక్సిడెంట్ అయిన కారులోది, నంబరు, కాగితాలు సరిగ్గా ఉన్నది వెతకాలని తేల్చుకున్నాను. ఈ ఏడేళ్లలో ఆ నిర్ణయం తప్పని ఒక్కసారీ అనిపించలేదు.

కడపలో యర్రముక్కపల్లె వైపు షెడ్డున్న మా మెకానిక్ భాయ్‌ని వెంటబెట్టుకుని రాత్రి రైలెక్కి చెన్నై పుదుపేట వెళ్లాం. పాత సామాన్ల అంగళ్లన్నీ అక్కడే. మొదటి అంగట్లో చూపించిన ఇంజిన్ పైకి మెరుస్తోంది. గేర్‌బాక్స్‌కి ఆనుకుని బ్లాక్ మీద నంబరు ఉండే చోట వేలు పెట్టి చూశాం. గ్రైండర్‌తో గీకేసి ఉంది. బేరం కూడా ఆడకుండా బయటికొచ్చాం. కడిగి రంగేసిన ఇంజిన్ కంటే దుమ్ముతో ఉన్నదే నయం, కారినచోట కారినట్టు కనబడుతుంది.

సాయంత్రానికి వెనకనుంచి గుద్దించుకున్న ఒక సిటీ దొరికింది. ఇంజిన్ ఇంకా కారులోనే ఉంది. ఇదే అదృష్టం, ఎందుకంటే స్టార్ట్ చేసి వినొచ్చు. వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూశాం. 176, 172, 178, 170. కనీసం 135 పీఎస్‌ఐ ఉండాలి, సిలిండర్ల మధ్య తేడా 28 దాటకూడదు. పై కవర్ తీస్తే లోపల తేనె రంగు, ఎక్కడా నల్ల మడ్డి లేదు. ఆయిల్ ప్రెషర్ గేజి భాయ్ ఇంటినుంచే తెచ్చాడు. వేడి మీద ఐడిల్‌లో 10 పీఎస్‌ఐ, మూడు వేల ఆర్‌పీఎంలో 50 ఉండాలి. రెండూ దాటాయి. వీటెక్ మారేది ఆయిల్ ఒత్తిడి మీదే కాబట్టి ఈ కొలత చూడకుండా ఈ ఇంజిన్ కొనకండి.

ఇంజిన్, గేర్‌బాక్స్, ఈసీయూ, వైరింగ్ కలిపి 48,000. లారీకి 3,500. తర్వాత కొన్న కొత్త సామాన్లు 41,000, రేడియేటర్ 9,000, కూలీ 18,000. మొత్తం 1,19,500. గమనించండి, ఇంజిన్ ధర సగం కూడా లేదు. చాలామంది 48,000 దగ్గరే లెక్క ఆపేసి, ఇంజిన్ ఉన్నదున్నట్టు దించి, ఆర్నెల్లకి మళ్లీ విప్పిస్తుంటారు.

భాయ్ మొదటిరోజే చెప్పాడు: "అన్నా, మూడొందల పైపు కోసం ఇంజిన్ పోగొట్టుకున్న్యావు. ఈసారి నీళ్లు తిరిగే దారిలో పాతది ఒక్కటి కూడా పెట్టను, నువ్వు అడ్డం రావద్దు." అడ్డం రాలేదు. పైపులన్నీ, థర్మోస్టాట్, వాటర్ పంపు, రేడియేటర్ మూత, ఫ్యాన్ స్విచ్ కొత్తవే. టైమింగ్ బెల్ట్, టెన్షనర్, క్రాంక్ ముందూ వెనకా సీళ్లు, క్యామ్ సీలు, ప్లగ్గు గుంతల సీళ్లు, క్లచ్ సెట్టు, మూడు మౌంటింగులు కూడా. నేల మీద ఉన్నప్పుడు ఈ సీళ్లు వేయడం గంట పని. కారులో ఎక్కాక వెనక సీలు కావాలంటే గేర్‌బాక్స్ దించాల్సిందే.

క్రాంక్ పుల్లీ బోల్టు గురించి చెప్పాలి. ఈ ఇంజిన్ల మీద పనిచేసిన ఎవరినడిగినా మొదట ఈ బోల్టునే తిడతారు. మామూలుగా బిగుసుకున్న పుల్లీ బోల్టుకి రాడ్డు తగిలించి స్టార్టర్ ఒక్కసారి తడితే ఊడొస్తుంది. ఇది ఎదురు తిరిగే ఇంజిన్ కాబట్టి ఆ చిట్కా వాడితే ఇంకా బిగుస్తుంది. పక్క షెడ్డు కుర్రాడు అదే చేయబోతే భాయ్ బ్యాటరీ వైరు లాగేశాడు. పుల్లీలో దూరే ఆరు పలకల హోల్డర్ తెప్పించి, నాలుగడుగుల జీఐ పైపు తొడిగి, ఇద్దరు దాని మీద వేలాడితే తుపాకీ పేలినట్టు చప్పుడుతో వదిలింది.

ఆ తిరిగే దిశే ఇంకోచోట కూడా దెబ్బ తీసింది. బెల్ట్ వేశాక క్రాంక్‌ని గడియారానికి ఎదురు దిశలో, క్యామ్ పుల్లీ మీద మూడు పళ్లు కదిలేంత తిప్పి, అప్పుడు టెన్షనర్ బోల్టు బిగించాలి. అలవాటులో షెడ్డులో ఎవరో కుడికి తిప్పారు. బెల్ట్ వదులై ఒక పన్ను జారింది. స్టార్ట్ అయితే అయింది గానీ ఐడిల్ వణుకుతోంది, పైకి వెళ్తే బలం లేదు. భాయ్ ఆ రాత్రే మళ్లీ విప్పి సరిచేశాడు. ఈ ఇంజిన్‌లో బెల్ట్ ఇంకా జారితే వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగుతాయి, అందుకే నేనూ నిద్రపోకుండా పక్కనే కూర్చున్నాను.

ఆర్‌టీఓ సంగతి భయపడినంత లేదు. అదే రకం, అదే ఇంధనం కావడం కలిసొచ్చింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం మార్చిన 14 రోజుల్లోపు తెలియజేసి ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. ఇంజిన్ కొన్న బిల్లు, ఆ కారు కాగితాల నకళ్లు, నంబరు పెన్సిల్ ముద్ర ఇచ్చాను. 2021లో ఆర్‌సీ రెన్యువల్‌కి వెళ్లినప్పుడు ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తి మొదట చూసింది ఆ నంబరే.

ఇక వాడకం. మొదటి వెయ్యి కిలోమీటర్లలో రెండుసార్లు ఆయిల్ మార్చాను. ఇప్పుడు ఐదు వేలకోసారి. బెంగళూరు దారిలో లీటరుకి 14 దాకా వచ్చేది, పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం అయ్యాక 13కి అటూఇటూ. ఆ మార్పుకి ముందే పెట్రోల్ పైపులు కొత్తవి వేయించాను, పాత కార్లున్నవాళ్లు అది వాయిదా వేయకండి. టెంపరేచర్ ముల్లు మే నెల మధ్యాహ్నం, ఏసీతో, అదే ఘాట్ మీద, సగానికి కింద గీత దగ్గరే ఉంటోంది. ఏడేళ్లయినా ఆ ఘాట్ ఎక్కేటప్పుడు నా కళ్లు రోడ్డు మీద ఎంతసేపుంటాయో దాని మీదా అంతే ఉంటాయి.

ఇబ్బంది పెట్టినవి రెండు, రెండూ కరెంటువే, మా ఎండకీ కారు వయసుకీ సంబంధించినవే. 2020 మేలో కారు ఎండలో రెండు గంటలుండి, తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. సాయంత్రం చల్లబడ్డాక మామూలే. మూడోసారి జరిగినప్పుడు చెవి పెట్టి విన్నాను. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు వినబడే పెట్రోల్ పంపు గుయ్‌మనడం లేదు. డాష్‌బోర్డు కింద, ఆ పంపుకి కరెంటిచ్చే మెయిన్ రిలే విప్పి చూస్తే సర్క్యూట్ మీద ఒక కాలు చుట్టూ వెంట్రుకంత గుండ్రని చీలిక. పాత సోల్డర్ వేడికి విడిపోయింది. టీవీ రిపేరు అంగట్లో యాభై రూపాయలకి మళ్లీ అతికించారు, ఇప్పటిదాకా మళ్లీ రాలేదు. రెండోది డిస్ట్రిబ్యూటర్‌లోని ఇగ్నైటర్ (ప్లగ్గులకి నిప్పురవ్వ అందేలా చేసే భాగం), 2022లో మదనపల్లె దాటాక నడుస్తూ ఆగిపోయింది. కొత్తది వేశాక పాతదాన్ని అయిష్టంగానే పారేశాను. ఇంజిన్ మార్చేటప్పుడే ఈ రెండూ మార్చి ఉండాల్సింది.

వాల్వుల సందు ప్రతి ఇరవై వేలకి చూపిస్తాను. ఇన్‌టేక్ 0.18 నుంచి 0.22, ఎగ్జాస్ట్ 0.23 నుంచి 0.27 మిల్లీమీటర్లు. హెడ్ 38 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. కడపలో ఎండాకాలం పగలు నిలబెట్టిన కారు కూడా అంత చల్లగా ఉండదు. అందుకే ముందు రోజు రాత్రే కారుని షెడ్డులో వదిలేసి, తెల్లారి ఆరుకి భాయ్, నేను టీ తాగి మొదలుపెడతాం. ఏడున్నరకల్లా కవర్ మూసేస్తాం.

గత నెల అలా చూసినప్పుడు సందులన్నీ లెక్కలోనే ఉన్నాయి. కంప్రెషన్ 168, 165, 170, 163. వెనక క్రాంక్ సీలు దగ్గర మాత్రం కొంచెం తడి కనబడింది, ఇంకా చుక్క పడటం లేదు. క్లచ్ కూడా పైన పట్టుకుంటోంది కాబట్టి 2026లో ఆర్‌సీ రెన్యువల్‌కి ముందు గేర్‌బాక్స్ దించి రెండూ ఒకేసారి చేయిద్దామన్నాడు భాయ్. సీలు తెప్పించి ఇంట్లో పెట్టాను.