కణ ప్రయోగాల కిట్టు: రవాణా ప్రయోగాలు బాగున్నాయి, శక్తి దగ్గరే చిక్కు

తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కోసం గత నెలలో 1,850 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో ఒక జీవశాస్త్ర ప్రయోగాల కిట్టు తెప్పించాను. కణంలోకి పదార్థాలు ఎలా వచ్చిపోతాయో, కణానికి శక్తి ఎలా అందుతుందో ఇంట్లోనే చేసి చూడవచ్చని పెట్టె మీద రాశారు. సూక్ష్మదర్శిని ఇందులో లేదన్న సంగతి మాత్రం అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంది. మా ఇంట్లో 400 రెట్లు పెద్దగా చూపే పాతది ఒకటి ఉండబట్టి సరిపోయింది.

కిట్టులో అన్నిటికన్నా మేలైన వస్తువు డయాలిసిస్ గొట్టం, అంటే చిన్న అణువులను మాత్రమే పోనిచ్చే సన్నని రంధ్రాల పొరతో చేసిన గొట్టం. నీటిలో నానబెట్టి, ఒక కొస ముడివేసి, లోపల పలుచని గంజి పోసి, రెండో కొస కూడా కట్టి, పిండిపదార్థం తగిలితే నీలమయ్యే అయోడిన్ కలిపిన నీటిలో వేలాడదీస్తే పావుగంటలో లోపలి గంజి నీలంగా మారింది. బయటి నీరు లేత పసుపుగానే ఉండిపోయింది. అయోడిన్ లోపలికి వెళ్లగలిగిందని, పెద్ద అణువులైన పిండిపదార్థం బయటకు రాలేకపోయిందని పిల్లకు వివరించే పనే పడలేదు. మొదటిసారి మాకు బయటి నీరు కూడా నీలమైంది, కారణం గొట్టం కాదు, కట్టేటప్పుడు పైన ఒలికిన గంజి. ముడి వేశాక గొట్టాన్ని కుళాయి కింద కడగాలన్న ఒక్క వాక్యం కిట్టుతో వచ్చిన పుస్తకంలో ఉంటే బాగుండేది.

రియో అనే మొక్క ఆకుతో చేసే ప్రయోగం కూడా చక్కగా వచ్చింది. ఆకు అడుగున ఉండే ఊదారంగు పొరను ఒలిచి, ఉప్పునీటి చుక్క వేసి చూస్తే, కొద్ది నిమిషాల్లో రంగు ఉన్న భాగం గోడను వదిలి మధ్యకు ముడుచుకుంది. "నాన్నా, గోడ అలాగే ఉంది, లోపలిదే చిక్కిపోయింది" అంది మా అమ్మాయి. మంచినీరు వేయగానే మళ్లీ నిండుకుంది.

ఇంతవరకు ఫిర్యాదు లేదు. అయితే కణం చుట్టూ ఉండే పొర, అంటే కణత్వచం కూడా అచ్చం ఈ గొట్టంలాగే పనిచేస్తుందని పుస్తకం తేల్చేయడం నాకు నచ్చలేదు. గొట్టం పరిమాణాన్ని మాత్రమే చూస్తుంది; దాని గుండా సులువుగా జారిపోయే గ్లూకోజు, ప్రాణమున్న కణంలోకి వెళ్లాలంటే త్వచంలోని ప్రత్యేక ప్రోటీన్ల సాయం కావాలి. నీటికి సైతం ఆక్వాపోరిన్లనే దారులున్నాయి. వాటిని కనుగొన్నందుకే పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఇక పదార్థాలను తక్కువ గాఢత ఉన్న చోటు నుంచి ఎక్కువ ఉన్న చోటికి ఎదురు తోసే పని గొట్టానికి ఎన్నటికీ చేతకాదు. మన కణాల్లోని సోడియం-పొటాషియం పంపు అనే త్వచ ప్రోటీను, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును ఒకటి ఖర్చుచేసి మూడు సోడియం అయాన్లను బయటకు పంపి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. రవాణాకూ శక్తికీ ముడి పడేది ఇక్కడే. పుస్తకంలో దాని ప్రస్తావనే లేకపోవడంతో రెండు భాగాలూ ఒకదానికొకటి సంబంధం లేనట్లు మిగిలిపోయాయి.

శక్తి భాగానికి వస్తే, కార్బన్ డయాక్సైడును పట్టి చూపే సున్నపు తేట, సీసా మూత వదులై, పెట్టె విప్పేసరికే తెల్లబడి ఉంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు దాని పని ముందే కానిచ్చింది! తాంబూలపు సున్నం నీళ్లలో కలిపి, తేరనిచ్చి వడకట్టి సొంతంగా చేసుకున్నాం. గోరువెచ్చని చక్కెర నీటిలో ఈస్ట్ వేసి, వెలువడే వాయువును గొట్టం ద్వారా సున్నపు తేటలోకి పంపితే పాలలా మారింది. ప్రయోగం సరైనదే, వివరణే తప్పు. గ్లూకోజు, కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలోకి వెళ్లి విరుగుతుందని రాశారు. నిజానికి అది మైటోకాండ్రియా బయట, కణద్రవ్యంలోనే పైరువేటు అనే చిన్న అణువులుగా విడిపోతుంది; మైటోకాండ్రియాలోకి వెళ్లేది ఆ పైరువేటు. మూసిన సీసాలో ఆక్సిజన్ అయిపోయాక ఈస్ట్ చేసేది కిణ్వనం (పులియబెట్టడం), దానికి మైటోకాండ్రియా అవసరం లేదు, ఒక గ్లూకోజుకు మిగిలేది రెండే ఏటీపీలు. పక్కనేమో 38 ఏటీపీల పాత లెక్క వేశారు; ఆక్సిజన్ ఉన్నప్పుడు కూడా ఇప్పుడు చెప్పే లెక్క సుమారు 30 నుంచి 32. ఏటీపీ గురించి రెండు పేజీలు నింపి, 1929లో సైరస్ ఫిస్కేతో కలిసి దాన్ని గుర్తించిన మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు పేరు తెలుగు పుస్తకంలో కూడా లేకపోవడం మరీ అన్యాయం.

కిట్టులో లేని ప్రయోగం ఒకటి మేమే చేర్చుకున్నాం. చేపల తొట్టి దుకాణంలో దొరికే హైడ్రిల్లా ఆకును నీటి చుక్కలో పెట్టి వెలుతురులో కాసేపు చూస్తే, నడిమి ఈనె దగ్గరి కణాల్లో పచ్చని హరితరేణువులు గోడ వెంబడి వరుసగా తిరుగుతూ కనిపించాయి. ఆ కదలికకు ఇంధనం ఏటీపీయే. ఖర్చు పది రూపాయలు.

ఇంట్లో సూక్ష్మదర్శిని, పక్కన కూర్చుని తప్పులు దిద్దే పెద్దవారు ఉంటే ఈ కిట్టు కొనవచ్చు; పిల్లల చేతికే వదిలేసేటట్లయితే పుస్తకం సవరించేదాకా ఆగడం మంచిది. డయాలిసిస్ గొట్టం మాత్రం విడిగా కూడా అమ్ముతున్నారు, మేము ఇంకో చుట్ట తెప్పించుకున్నాం.