నిద్ర ప్యాకేజీ కొనే ముందు ముహూర్తాలు చూసుకోండి

ఈ మధ్య ఖరీదైన విహారయాత్రల్లో ఊళ్ళు తిరగడం కంటే కంటినిండా నిద్రపోవడానికే గిరాకీ పెరుగుతోంది. ఆ మోజులోనే ములుగు వైపు ఉన్న ఒక రిసార్టులో రెండు రాత్రుల ‘నిద్ర ప్యాకేజీ’ని మాఘమాసంలో 38,000 రూపాయలకు తీసుకుని, హనుమకొండ నుంచి నా భార్యతో కలిసి వెళ్ళి మోసపోయాను. ఆమె నర్సు, ఆరు నెలల రాత్రి డ్యూటీలతో నిద్ర గాడి తప్పింది. అందుకే రామప్ప, లక్నవరం చూద్దామన్న ఆలోచన కూడా పెట్టుకోలేదు.

గదిలో నాలుగు రకాల దిండ్లు, మందపాటి కర్టెన్లు, ‘మెల్లగా మాట్లాడండి’ అన్న పలక, అన్నీ ఉన్నాయి. రాత్రి ఎనిమిదింటికి గోడ అవతల లాన్‌లో బరాత్ మొదలైంది. డీజే మోతకు మంచం పక్కన గ్లాసులో నీళ్ళు వణకడం కళ్ళారా చూశాను. మేనేజరును అడిగితే ‘పదింటికల్లా ఆపిస్తాం సార్’ అన్నారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగించరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నా, ఆ మోత ఆగింది 12.40కి. విశ్రాంతి పేరుతో అమ్ముతున్న ఆవరణనే పెళ్ళిళ్ళకూ అద్దెకిస్తారన్న మాట బ్రోషర్‌లో ఎక్కడా లేదు.

మర్నాటి శిరోధార మరీ అన్యాయం. గోరువెచ్చని నూనె నుదుటిపై సన్నగా, తెగకుండా పడాలి. పొద్దున మాకు ఇడ్లీ వడ్డించిన కుర్రాడే మధ్యాహ్నం నూనె పాత్ర దగ్గర నిలబడ్డాడు. ధార తెగి తెగి పడి, చల్లటి నూనె ఆమె చెవిలోకి కారింది. ఆ పిల్లవాణ్ణి తప్పుపట్టను, నిలబెట్టిన వారిదే తప్పు. ఆయుర్వేద వైద్యుడు ఎవరని అడిగితే ‘ఆన్‌లైన్‌లో ఉంటారు’ అన్నారు. అయినా బిల్లులో సంప్రదింపుల రుసుము 4,500, సర్వీస్ ఛార్జి 3,800 వేశారు. హోటళ్ళు సర్వీస్ ఛార్జిని తమంతట తాము బిల్లులో కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే మార్గదర్శకాలిచ్చింది. ఆ మాట ఎత్తగానే 3,800 తీసేశారంటే, సంగతి వారికీ తెలుసన్నమాట.

బుక్ చేసేవారు ఆ తేదీల్లో ఆవరణలో వేడుకలు లేవనీ, చికిత్స చేసేవారి అర్హత ఫలానా అనీ వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. నాకు అన్నీ ఫోన్‌లో చెప్పారు; ఇప్పుడు చూపడానికి కాగితం ముక్క లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్ళలోపు కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము కూడా లేదు. రిసార్టు వారు మాత్రం డబ్బుకు బదులు వైశాఖంలో రెండు రాత్రులు ఉచితంగా ఇస్తామంటున్నారు. పంచాంగం తీసి చూశాను. ఆ రెండు తేదీల్లోనూ ముహూర్తాలున్నాయి.